ఏడో నంబరు స్లైడు

క్లోమం కావాలంటే శవం దగ్గరికి వెళ్ళి లాభం లేదు. ప్రాణం పోయిన కాసేపటికే అది తనను తాను అరిగించుకోవడం మొదలుపెడుతుంది. మనం తిన్నదాన్ని కరిగించే ఘాటైన రసాలన్నీ దాని కణాల్లోనే నిల్వ ఉంటాయి. బతికి ఉన్నంతకాలం వాటిని అణిచిపెట్టి ఉంచుతుంది, పేగులోకి చేరాకే వాటికి పదును వస్తుంది. చనిపోయాక ఆ కట్టడి ఉండదు, సొంత ఇంటినే తినేస్తాయి. అందుకే మా కాలేజీలో పిల్లలకు చూపించే క్లోమం మనిషిది కాదు, యాటది, అంటే మేకది. యాటను కోసిన పది నిమిషాల్లో ఆ ముక్క ఫార్మలిన్ సీసాలో పడాలి. ఆ పని నాది.

శంషాబాద్ దగ్గర ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో హిస్టాలజీ టెక్నీషియన్‌గా తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో బిగించి, వెంట్రుక కంటే పలచటి పొరలుగా కోసి, గోరువెచ్చటి నీళ్ళ మీద తేల్చి, గాజు పలక మీదికి ఎత్తి, రంగులు పట్టించాలి. ఆ పొర నీళ్ళ మీద ఉన్నప్పుడు ఫ్యాన్ వేయకూడదు, తుమ్మకూడదు. మే నెలలో ఆ గదిలో నా చెమట వాసన నాకే పడేది కాదు. "మీరు కోయండమ్మా, మేం చదువుతాం" అనేవారు మా హెడ్ సార్. గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన. మెత్తగా అంటే మాత్రం తగలదా? తొమ్మిదేళ్ళు అవే పొరలను కోస్తూ, రంగు సరిగ్గా పట్టిందో లేదో కంటితో చూస్తూ కూర్చుంటే గోడకైనా నాలుగు ముక్కలు అర్థమవుతాయి. నాకూ అయ్యాయి. అవి అయినట్టు ఎవరికీ చెప్పకూడదని మాత్రం ఆలస్యంగా తెలిసింది. తెలిసినా నేను ఒప్పుకోలేదనుకోండి, అది తర్వాతి సంగతి.

అన్నిట్లోకీ నాకు జీర్ణగ్రంథుల స్లైడ్లంటే ఇష్టం. చెవి కింద ఉండే పెరోటిడ్ గ్రంథి, పొట్టలో జీర్ణాశయం వెనక దాక్కునే క్లోమం, పుస్తకాల్లో పాంక్రియాస్ అనేది, ఈ రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. రెండింట్లోనూ కణాలు జొన్నకంకిలో గింజల్లా గుత్తులు కట్టి ఉంటాయి. ప్రతి గుత్తి నడుమ సూదిమొనంత ఖాళీ, రసం అందులోకి ఊరుతుంది. రంగు వేస్తే కణం అడుగుభాగం ఊదాగా, ఖాళీ వైపు గులాబీగా తేలుతుంది. ఆ గులాబీ రవ్వలే నిల్వ ఉన్న రసం. తేడా తెలియాలంటే ఓపిగ్గా వెతకాలి. పెరోటిడ్‌లో నాళాలు ఎక్కువ, వాటి గోడలకు గీతలు గీసినట్టుంటాయి, మధ్యమధ్య కొవ్వు కణాలు తెల్లగా కనిపిస్తాయి. క్లోమంలో ముదురు గుత్తుల మధ్య అక్కడక్కడ పాలిపోయిన గుండ్రటి మచ్చలుంటాయి. ఐలెట్స్ అంటారు. వాటికి నాళం ఉండదు, అవి తయారుచేసిన ఇన్సులిన్ నేరుగా రక్తంలోకి పోతుంది. మా అమ్మ రోజూ పొద్దున్నే పొట్టకు సూదితో పొడుచుకునే మందు, అసలైతే ఆమె లోపలి ఆ మచ్చల్లోనే తయారు కావాలి. అవి చేతులెత్తేశాయి కాబట్టి ఫ్రిజ్‌లో మందు పెట్టుకుంటున్నాం. ఆ మచ్చలు ఎక్కడ కనపడినా ఇంట్లోవాళ్ళను చూసినట్టే ఉంటుంది నాకు.

మాది సాతంరాయి. వ్యవసాయ కుటుంబం. మా వాడకట్టులో నాలుగైదు ఇళ్ళు కలిసి ఆదివారం పొత్తుల యాటను కోసుకోవడం ఇప్పటికీ ఉంది. మాంసాన్ని కుప్పలు వేసేది మా బాపు. పట్టా పరిచి, దాని ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో తునకనూ చేత్తో బరువు చూసి వేస్తాడు. ప్రతి కుప్పలోనూ అన్నీ పడాలి. తొడ ఒకరికి, బొక్కలు ఒకరికి పోకూడదు. కార్జం గోరంత ముక్కయినా అందరికీ రావాలి. ఇంకో కట్టుబాటు ఉంది. కుప్పలు వేసిన మనిషి చివర మిగిలింది తీసుకోవాలి. ఎవరికైనా తక్కువ పడిందని తేలితే అతని కుప్పలోంచి తీసి నింపాలి. అందరూ గిన్నెలు ఎత్తుకుని వెళ్ళేదాకా బాపు తన కుప్పను ముట్టుకోడు.

కాలేజీకి కావలసిన గ్రంథులను నేను ఆ పొత్తుల యాట నుంచే తీసుకునేదాన్ని. ఎదురుగా కోస్తారు, వెంటనే సీసాలో వేయొచ్చు. ఆ ఆదివారం కూడా నాలుగు సీసాలు వరసగా పెట్టుకున్నాను. పెరోటిడ్‌కు ఒకటి, దవడ కింది గ్రంథికి ఒకటి, కార్జానికి ఒకటి, క్లోమానికి ఒకటి. మూతల మీద ఇంగ్లీషులో పేర్లు రాశాను. మా బాబాయి యాటను కోస్తుంటే నేను నాలుగింటినీ తీసి పళ్ళెంలో విడివిడిగా పెట్టి, చిన్న ముక్కలు చేశాను. అప్పుడే లోపలి నుంచి గిన్నె కింద పడ్డ చప్పుడు. అమ్మ పొద్దున సూది పొడుచుకుని, కార్జం వేపుడుతో తిందామని ఏమీ తినకుండా కూర్చుందట. చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, గోడకు ఒరిగిపోయింది.

"బాపూ, పళ్ళెంల ఉన్నయి సీసాలల్ల ఎయ్యి, జల్ది!" అని అరిచి లోపలికి పరుగెత్తాను.

అమ్మకు చక్కెర నీళ్ళు తాగించి, ఆమె కళ్ళు తెరిచి నన్ను తిట్టేదాకా ఉండి, బయటికొచ్చేసరికి నాలుగు సీసాలకూ మూతలు పెట్టి ఉన్నాయి. ఎత్తి చూశాను. ప్రతి సీసాలోనూ నాలుగు రకాల ముక్కలు.

"అన్నిట్ల అన్ని వడ్డయి బిడ్డా. ఎవరికి తక్కువ చెయ్యలే" అన్నాడు బాపు, చేతులు కడుక్కుంటూ.

నాలుగు సీసాలు చూసి నాలుగు వాటాలనుకున్నాడు. ఆయన్ను ఏమనగలను? న్యాయంగానే చేశాడు. నేను చేయాల్సింది అవన్నీ పారబోసి, వచ్చే ఆదివారం దాకా ఆగడం. ఆగలేదు. పట్టకారుతో ముక్కలను ఏరి మళ్ళీ సర్దాను. కార్జం నల్లగా ఉంటుంది, దానితో ఇబ్బంది లేదు. మిగతావి ఫార్మలిన్‌కు అప్పటికే ఒకే బూడిదరంగుకు తిరిగాయి. అయినా నా కన్ను మీద నాకు అంత పొగరు. తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, నాకు తెలియదా అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. పెరోటిడ్ అని రెండు మైనం దిమ్మలు చేశాను. మొదటి దిమ్మ కోసి చూస్తే పెరోటిడే. రెండో దిమ్మ కోసిన రోజు హెడ్ సార్ తొందర పెడుతున్నారు. రంగులు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టకుండానే ఇచ్చేశాను.

మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్ తప్పిన ఆరుగురికి ఆ నెలలో సప్లిమెంటరీ పరీక్ష. వారం ముందు సార్ రివిజన్ క్లాసు పెట్టి, రెండో దిమ్మ నుంచి వచ్చిన ఆ స్లైడును పెరోటిడ్ అని చూపించారు. ఆరుగురిలో ఒకమ్మాయి బుద్వేల్ నుంచి బస్సులో వచ్చేది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషులో అడిగితే జవాబు గొంతులోనే ఉండిపోయేది. అలా ఉండిపోయే మొదటిసారి తప్పింది. ఈసారి కూడా తప్పితే తన బ్యాచి ముందుకు పోతుంది, ఈమె జూనియర్లతో కలిసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఖాళీ దొరికితే నా గదికొచ్చి "అక్కా, జర గా స్లైడు మళ్ళొకసారి చూడనిస్తవా?" అని అడిగి గంటలు గంటలు చూసేది. అంత ఓపిగ్గా చూసే పిల్లను ఆ తొమ్మిదేళ్ళలో నేను చూడలేదు.

ఆ రోజు క్లాసులో ఆమె చెయ్యెత్తింది.

"సార్, మధ్యల తెల్లగ ఉన్నయి ఏంది సార్?"

సార్ ఒక్కసారి వంగి చూసి, లేచారు. "ఏం లేదమ్మా. స్టెయిన్ సరిగా పట్టలేదు. మన టెక్నీషియన్ గారి పనితనం."

అందరూ నవ్వారు. నేను వెనక బెంచీ దగ్గర బల్బు మారుస్తున్నాను. రంగు పట్టకపోవడమా? నా చేతిలో? క్లాసు అయిపోయి అందరూ వెళ్ళాక మైక్రోస్కోపులో కన్ను పెట్టాను, సార్ తప్పు పట్టుకుందామనే పెట్టాను. గీతల నాళాలు లేవు, కొవ్వు కణాలు లేవు. ముదురు గుత్తుల నడుమ గుండ్రంగా, పాలిపోయి, మచ్చలు. అమ్మ మచ్చలు. రంగు చక్కగా పట్టింది. స్లైడే పెరోటిడ్ కాదు, క్లోమం. పట్టుకుందామనుకున్న తప్పు నాదే అయి కూర్చుంది.

ఆ సాయంత్రం బస్సుకు ముందు ఆ పిల్ల నా గదికొచ్చింది. "అక్కా, గవి నిజంగ రంగు తప్పేనా?"

"సార్ చెప్పిండు గద" అన్నాను.

ఆ మూడు మాటలకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. పిల్ల తలూపి వెళ్ళిపోయింది. కాంట్రాక్టు కొలువు, వచ్చే నెలలో రెన్యువల్, సీసాలు కలిసిపోయాయని చెబితే సార్ మొహం ఎలా ఉంటుందో, ఇవన్నీ నోటికి అడ్డం పడ్డాయి. మరునాడు గుట్టుగా మొదటి దిమ్మ నుంచి అసలైన పెరోటిడ్ కోసి, రంగులేసి సిద్ధంగా ఉంచాను, మార్చేద్దామని. అప్పటికే సార్ పరీక్ష స్లైడ్లను తన బీరువాలో పెట్టి తాళం వేశారు. అడిగితే తాళం ఇచ్చేవారే. ఎందుకని కూడా అడిగేవారు. నేను అడగలేదు. లోపల అణిచిపెట్టింది సొంత ఇంటినే ఎలా తింటుందో, తొమ్మిదేళ్ళు క్లోమాన్ని చూసినదానికంటే ఆ వారంలోనే నాకు ఎక్కువ తెలిసింది.

పరీక్ష రోజు హాల్లో పది మైక్రోస్కోపులు వరసగా పెట్టాం. గంట కొట్టగానే ఒక్కో విద్యార్థి ఒక్కోటి చూసి, అదేమిటో రాసి, పక్కదానికి జరగాలి. ఏడో నంబరు కింద ఆ స్లైడు ఉంది. సార్ క్లాసులో చెప్పింది చెప్పినట్టు అయిదుగురు పెరోటిడ్ అని రాశారు. ఆ పిల్ల ఏడో నంబరు దగ్గర వంగి, గంట కొట్టినా లేవలేదు. నేనే భుజం తట్టి జరిపాను.

మధ్యాహ్నం వైవా. వేరే జిల్లా కాలేజీ నుంచి ఎగ్జామినర్‌గా వచ్చిన పెద్దావిడ ఒక కుర్చీలో, మా సార్ ఇంకో కుర్చీలో. అడిగిన స్లైడు తెచ్చి ఫోకస్ చేసి పెట్టడానికి నేను గోడ పక్కన నిలబడ్డాను. ఆ పిల్ల వంతు వచ్చింది. ఆమె జవాబు కాగితం చూసి సార్ నవ్వారు.

"ఏడో నంబరు తీసుకురండమ్మా" అన్నారు నాతో. తెచ్చి పెట్టాను. ఫోకస్ రెండుసార్లు తప్పింది.

"ఏం రాశావమ్మా దీనికి?"

"పాంక్రియాస్ సార్."

"వారం కిందట ఇదే స్లైడు నేను చూపించానా, లేదా?"

"చూపించిండ్రు సార్."

"ఏమని చెప్పాను?"

"పెరోటిడ్ అని సార్."

"మరి? మళ్ళీ చూడు. చూసి సరిగా చెప్పు. మార్చుకోవడానికి ఒక అవకాశం ఇస్తున్నాను."

నిజం చెప్పాలంటే ఆయన దయగానే అన్నారు. పెరోటిడ్ అని ఒక్క మాట అంటే ఆ పిల్ల గట్టెక్కిపోతుంది. ఆమె వంగి చూసింది. అప్పుడే ఒక విమానం మా పైనుంచి దిగుతూ వెళ్ళింది. మా దగ్గర విమానం వస్తే మాట మధ్యలోనే ఆపి, పోయాక అక్కడి నుంచే అందుకోవడం అందరికీ అలవాటు. సార్ ఆగారు. మేడం ఆగారు. ఆ కాసేపు నేను ఆ పిల్ల కాళ్ళను చూస్తూ ఉన్నాను. చెప్పుల్లో కాళ్ళ వేళ్ళు బిగించుకుని నిలబడింది. అబద్ధం చెప్పు, బతుకుతావు అని ఒక మనసు. చెప్పకు అని ఒక మనసు. చప్పుడు తగ్గింది.

"పాంక్రియాసే సార్. ఐలెట్స్ కనపడ్తున్నయి" అంది ఆమె.

"చూశారా మేడం, ఇదీ వీళ్ళ వరస" అని సార్ పెన్ను తీశారు.

"ఆ పిల్ల చెప్పిందే కరెక్ట్ సార్."

అన్నది నేనే. హాలు మొత్తం నా వైపు తిరిగింది.

"మీరు బయట ఉండండమ్మా."

"ఉండను సార్. అది పెరోటిడ్ కాదు. ముక్కలు తెచ్చిన రోజు మా ఇంట్ల సీసాలు కలిసిపోయినయి. పారబొయ్యకుండ ఏరి సర్దింది నేను. చూడకుండ మీకు ఇచ్చింది కూడ నేనే. తప్పు నాది. మార్కులు ఆమెకు కొయ్యకండి."

సార్ మొహం ఎర్రబడింది. అంత కోపంలోనూ గొంతు పెంచలేదు. "ఎక్స్‌టర్నల్ ఎదురుగా ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా? మీ పని కోయడం వరకే."

"కోసినదాన్ని కాబట్టే చెప్తున్న సార్."

మేడం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, లేచి వచ్చి, మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. పెద్ద లెన్సుకు తిప్పారు. స్లైడును కొంచెం కొంచెంగా జరుపుతూ ఒక మూల నుంచి ఇంకో మూలకు చూశారు. ఆ పిల్ల నన్ను చూసింది. నేను తల దించుకోలేదు, ఆ రోజు ఇక దించుకోదలచలేదు.

"ఐలెట్స్ చాలా స్పష్టంగా ఉన్నాయి సార్" అన్నారు మేడం లేస్తూ. "స్టెయిన్ కూడా బాగుంది."

మిగతా అయిదుగురికి ఆ ప్రశ్న తీసేయమన్నారు. ఆ పిల్లకు పూర్తి మార్కులు వేసి, ఇంకో మూడు ప్రశ్నలు అడిగారు. మొదటిదానికి ఇంగ్లీషులో తడబడితే "తెలుగులో చెప్పమ్మా, వింటాను" అన్నారు. అప్పుడు చూడాలి ఆ నోరు! క్లోమం తన రసాన్ని ఎందుకు అణిచి ఉంచుతుందో, అణచకపోతే ఏమవుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పాసైంది.

నా సంగతి పది రోజుల్లో తేలింది. రెన్యువల్ కావాలంటే క్షమాపణ పత్రం రాయాలన్నారు. రెండు విషయాలకు. ముక్కలు కలిపినందుకు ఒకటి, పరీక్ష హాల్లో హద్దుమీరి మాట్లాడినందుకు ఒకటి. మొదటిది ఒక పేజీ నిండా రాశాను. సీసాల సంగతి, నా పొగరు సంగతి, చూడకుండా ఇచ్చిన సంగతి, ఆఖరికి ఆ పిల్ల అడిగినప్పుడు దాటేసిన సంగతి కూడా. రెండోది రాయలేదు.

"ఒక్క వాక్యమేనమ్మా. రాసేస్తే ఇద్దరికీ గొడవ వదిలిపోతుంది" అన్నారు సార్. ఆయనకు నన్ను పంపేయాలని లేదని తెలుస్తూనే ఉంది. అంత పలచగా కోసేవాళ్ళు ఆయనకు దొరకరు.

"తప్పు చేసినందుకు రాసిన సార్. నోరు తెరిచినందుకు రాయను."

నా అన్నం డబ్బా, నా పట్టకారు, ఆ ఏడో నంబరు స్లైడు తీసుకుని బయటికొచ్చాను. స్లైడును సారే ఇచ్చారు, ఎలాగూ పనికిరాదు కదా అని. దాని మీది చీటీ గీకేసి క్లోమం అని తెలుగులో రాసి అతికించాను. ఇప్పుడు శంషాబాద్‌లో ఒక ల్యాబులో చేస్తున్నాను. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలు వస్తాయి. ఒక్క స్లైడు కూడా నేను చూడకుండా డాక్టరు బల్ల మీదికి పోదు. పోనివ్వను.

కొలువు పోయిన రోజు ఇంటికొచ్చి బాపుకు అంతా చెప్పాను. సీసాల సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు. తన చేతులకేసి చూసుకున్నాడు.

"నేనే చెడగొట్టిన్నా బిడ్డా?"

"నువ్వు నీ తీరుగ సక్కగనే ఏసినవ్ బాపూ. ఏరుడు నాది తప్పు."

"ఆ పిల్లకు తక్కువ పడలే గద?"

"పడలే."

ఆ తర్వాతి పొత్తుల యాట రోజు ఎప్పటిలాగే పట్టా పరిచారు. బాపు దాని ముందు కూర్చోకుండా పక్కకు జరిగి నన్ను పిలిచాడు. మా వాడకట్టులో ఆడవాళ్ళు కుప్పలు వేయడం ఎవరూ చూడలేదు. అమ్మ గడపలో నిలబడి చూస్తోంది.

"ఆడిపిల్ల కుప్పలేసుడేంది?" అన్నాడు వాటాకు వచ్చిన ఒక పెద్దమనిషి.

"తక్కువ పడితె తన కుప్పలకెల్లి తీసిచ్చేటోల్లే కుప్పలెయ్యాలె" అన్నాడు బాపు. "నా బిడ్డ తీసిచ్చింది. మీల ఎవరన్న ఇచ్చిన్రా?"

ఆ పెద్దమనిషి తన గిన్నె పట్టా పక్కన పెట్టాడు. నేను కూర్చుని, మొదటి తునక చేతిలోకి తీసుకుని బరువు చూశాను.